రేకు చెమట

గ్రాబూవ్‌కా,
24 ఫిబ్రవరి 1995, శుక్రవారం.

అమ్మకు,

దేవుడికి స్తోత్రం అని మొదలుపెట్టకపోతే ఉత్తరం దారి తప్పుతుందని నానమ్మ నా పక్కనే నిలబడింది. సరే, ఆమె కోసం స్తోత్రం. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయింది కాబట్టి మిగతాది చదవలేదు. ఇక్కడ అందరం బాగానే తిని తిరుగుతున్నాం. అక్కడ జర్మనీలో నీ నడుం నొప్పి తగ్గిందనీ, నువ్వు చూసుకునే ఆ ముసలావిడ కాస్త మంచిగా ఉంటోందనీ అనుకుంటున్నాను.

అడిగినవి ముందు చెప్తాను. దగ్గు పోయింది. కోటు సరిపోయింది, చేతులే కొంచెం పొడుగు. నిన్న ఉపవాసాలకి ముందు గురువారం కదా, నానమ్మ గులాబీ జామ్ పెట్టి నలభై డోనట్లు వేయించింది. అన్నయ్య పదకొండు తిన్నాడు. ఎర్రజెండా వాళ్ళ కరపత్రాలు చదవడం మానలేదు, మానను.

అమ్మా, నీ పోయిన ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు కారు గురించి. మంచు పడే ముందే లోపల పెట్టారా, అద్దాల మీద మంచు గడ్డకట్టిందా, తలుపు రబ్బర్లకి నూనె రాశారా. నాకు వచ్చింది దగ్గూ, కోటూ. ఆ కారుని మీరందరూ చిన్నోడంటారు. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఇంట్లో చిన్నోణ్ణి నేను. ఈ మాట రాయకూడదనుకున్నాను, రాసేశాను, కొట్టెయ్యను.

కారుకి షెడ్డు ఎలా కొన్నారో వివరంగా రాయమన్నావు. అన్నయ్య నా గురించి నీకు రాసింది ఒక్క ముక్క: "లూదెక్ చూసుకున్నాడు." ఆ ముక్క వెనక అక్టోబరు నెలంతా ఉంది. పాల ఫ్యాక్టరీ వెనక ఇటుక గ్యారేజీల వరసలో ఒకటి అమ్మకానికి ఉంది, అది మన తాహతు కాదు. నాలుగు కర్రలు పాతి పైన కప్పు వేసుకోవచ్చు, అది అన్నిటికన్నా చవక. మధ్యలోది రేకు షెడ్డు. నేను మూడూ వద్దన్నాను.

"మనుషులకే ఇళ్ళు చాలని చోట యంత్రానికి గది కట్టడం సిగ్గుచేటు. బస్సు అందరిదీ," అన్నాను.

"ఆ అందరి బస్సు రోజుకి రెండుసార్లొస్తుంది నాయనా," అంది నానమ్మ బంగాళాదుంపలు చెక్కుతూ. "నీ సమానత్వం ఎన్నింటికొస్తుందో కనుక్కో, స్టాపులో నిలబడతాను."

"మరి కర్రల పందిరైనా వేద్దాం. నాలుగు వైపులా గాలి ఆడుతుంది."

"గొడ్ల కొట్టంలో కారు పెట్టారని ఊరంతా నవ్వడానికా?"

అన్నయ్య మాత్రం నవ్వలేదు. "నువ్వు చదివేవాడివిరా. నాకేం తెలుసు? ఏది మంచిదో నువ్వే చూసి రా," అన్నాడు. వాడు అలా నమ్మినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

రేకు షెడ్లు చేసే బొరూత గారి దగ్గరికి వెళ్ళాను. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం కావాలి పండితుడుగారూ?"

"మంచిదీ, చవకదీ."

"మా ఆవిడ కూడా అలాంటి మొగుణ్ణే అడిగింది. చివరికి నేను దొరికాను."

మనిషి వేళాకోళమే గానీ పనిమంతుడు. కప్పు వాలు వెనక్కి ఉండాలి, లేకపోతే జారిన మంచు అంతా తలుపు ముందు పడుతుందన్నాడు. మట్టి మీద నిలబెట్టొద్దు, కంకర పోసి పలకలు పరవమన్నాడు. నాలుగు మూలలా బిగించకపోతే గాలికి పక్కింటి తోటలో వెతుక్కోవాలన్నాడు. తర్వాత రెండు గోడల్లో ఉన్న జల్లెడ కంతలు చూపించాడు, ఒకటి కింద, ఒకటి పైన. "ఇవి ముక్కు పుటాలు. రేకుకి చెమట పడుతుంది అబ్బాయ్. తడి బండిని తెచ్చి లోపల మూసేశావనుకో, బయట వానలో వదిలేసిన దానికన్నా ముందు కుళ్ళుతుంది."

ఆయన చెప్పినట్టే అన్నీ చేశాను. కంకర నేనే మోశాను.

ఇప్పుడు అసలు సంగతి. క్రిస్మస్ నుంచీ ఆ షెడ్డు లోపల వాన కురుస్తోంది. కప్పు నుంచి బొట్లు బొట్లుగా కారు మీద పడుతుంది. అన్నయ్య పనికి వెళ్ళే ముందు పాత తువాళ్ళు పట్టుకెళ్ళి తుడుస్తాడు. టాపు, అద్దాలు, తలుపుల కింద, వంగి మరీ. "తప్పు నాదేరా, మంచు దులపకుండా లోపలికి తెస్తున్నాను," అంటాడు. బొరూత గారు పాత రేకు అంటగట్టాడని నానమ్మ తిడుతోంది. "వాడేం చేశాడు, వాణ్ణి ఎంచుకున్నది మన లూదెక్," అని అన్నయ్య ఆమెని ఆపాడు.

పోయిన ఆదివారం పక్క సీటు కింద గుడ్డ తీసి చూస్తే, కారు అడుగు రేకు తుప్పు పట్టి గుల్లైపోయింది. వేలితో నొక్కితే వేలు దిగింది. అన్నయ్య ఆ వేలినే చూస్తూ కూర్చున్నాడు. "ఇది అమ్మ కూర్చునే సీటు," అన్నాడు. ఈస్టర్‌కి బియావిస్టోక్ బస్టాండు నుంచి నిన్ను అందులోనే తేవాలని వాడి కోరిక. పైన ఒక రేకు ముక్క వేసి సరిపెడతానంటున్నాడు. కింద ఇంకెంత తినేసిందో వాడికి తెలియదు. నాకూ తెలియదు, కానీ ఎందుకు తినేసిందో తెలుసు.

అక్టోబరు చివర్లో నీ ఉత్తరం వచ్చింది. ఎప్పటిలాగే అన్నయ్య కార్లో కూర్చుని చదువుకుని తర్వాత నాకిచ్చాడు. కారు పక్కన నిలబడ్డ అన్నయ్య ఫొటోని ముసలావిడ మంచం దగ్గర పెట్టుకున్నావని, వచ్చినవాళ్ళందరికీ "మా అబ్బాయి" అని చూపిస్తున్నావని రాశావు. ఆ ఫొటో తీసింది నేనమ్మా. అందుకే అందులో లేను.

అదే రోజు నానమ్మ చలికాలానికి కిటికీల జంట తలుపుల మధ్య దూది కూరుతోంది. మిగిలిన చుట్ట నాకిచ్చి, ఇంకెక్కడైనా కంత ఉంటే మూసి రమ్మంది. నేను నేరుగా షెడ్డుకి వెళ్ళి ఆ రెండు ముక్కు పుటాల్లోనూ దట్టించాను. ఊళ్ళో కంత మూసేవాణ్ణి ఎందుకని ఎవరడుగుతారు? చలిగాలి తగలకుండా భలే ఆలోచించావని అన్నయ్య నా భుజం తట్టాడు. నానమ్మ పెద్ద గిన్నెలో పుల్లని సూపు పోసి, సాసేజి ముక్క అదనంగా వేసింది. ఈ ఇంట్లో నా పనిని మెచ్చుకోవడం అదే మొదలు.

తెలియక మూశానని రాస్తే నువ్వు నమ్ముతావు. తెలిసే మూశాను. అది పాడైపోతే నీ ఉత్తరంలో మూడు పేజీలు ఖాళీ అవుతాయనుకున్నాను. సొంత ఆస్తి మీద తిరుగుబాటని అప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను. కరపత్రాల్లో అసూయ అనే మాట రాయరు, న్యాయాగ్రహం అని రాస్తారు. తీసేద్దామని రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ వాడు తువాలు పిండుతూ కనిపించాడు. అంత ఓర్పు వాడికెక్కడిదో అని అప్పుడు కూడా అసూయే పుట్టింది, జాలి కాదు.

ఇవాళ పొద్దున దూది పీకేశాను. నల్లగా, చచ్చిన ఎలకలా వచ్చింది. అన్నయ్యతో నోటితో చెప్పలేను, సగంలో అరుస్తాను, వాణ్ణే తప్పుపడతాను. అందుకని ఈ కవరు అతికించకుండా వాడి చేతికే ఇస్తున్నాను, చదివి పోస్టు చెయ్యమని. ఆ సీట్లో నువ్వు కూర్చోకూడదు.

ఇట్లు,
నీ ఫొటోలో లేని కొడుకు,
లూదెక్

అమ్మా, వీడు రాసింది చదివాను. ఒక్కటిచ్చాను చెంప మీద. నీ తరఫున ఇంకోటి. కారు ఎత్తి కింద చూశాను, వెల్డింగు చేయిస్తే నిలుస్తుందని బొరూత గారన్నారు. ఒకవేళ ఈస్టర్‌కి పని కాకపోతే నువ్వు వెనక సీట్లో కూర్చో. ముందు సీట్లో వీడు కూర్చుంటాడు, బియావిస్టోక్ నుంచి ఇంటిదాకా కాళ్ళు పైకెత్తుకుని.

ఇట్లు,
పెద్దోడు జెనెక్