సూదుల మీద ఉన్న స్వెట్టరు

జగ్గయ్యపేట
24-1-1982, ఆదివారం

తెల్లవారుజామున మంచు దట్టంగా పట్టింది. ఎదురు కొట్టు బోర్డు కూడా కనబడలేదు. ఎనిమిది దాటాక గాని ఎండ రాలేదు. కొట్లో మిగిలిన ఊలు కట్టలన్నీ డాబా మీద దుప్పట్లు పరిచి ఆరబెట్టాను. మధ్యాహ్నం కిందికి దింపి, ఎండు వేపాకూ కలరా ఉండలూ వేసి బీరువాల్లో సర్దాను. ఇప్పుడు కొట్లోనే కూర్చుని ఇది రాస్తున్నాను.

అక్కయ్యకు తమ్ముడు సుబ్బారావు నమస్కారాలు. బావగారి మోకాలి నొప్పి ఈ చలికి ఎలా ఉంది? ఆయనను కాలవలో స్నానం మానమని నేను చెప్పానని చెప్పు. పిల్లలు బాగా చదువుకుంటున్నారని తలుస్తాను.

నేను కులాసా. నీ మరదలు కులాసా. పాప కూడా కులాసాయే గాని, తల్లీ పిల్లా ఇంకా నందిగామ ఆసుపత్రిలోనే ఉన్నారు. నెల ముందు పుట్టింది కాబట్టి బరువు తక్కువ. జబ్బేమీ లేదనీ, ఒళ్ళు చల్లబడకుండా చూసుకోవడమే ముఖ్యమనీ డాక్టరమ్మ గారు చెప్పారు. పిల్ల ఒంట్లో వెచ్చదనం దానంతట అది నిలిస్తే ఇంటికి పంపుతారట. ఎప్పుడన్నది చెప్పలేదు. రేపు పొద్దున బస్సుకు మళ్ళీ వెళ్తాను. నువ్వు కంగారు పడవద్దు. అందరం కులాసాయే.

నీ కార్డు అందింది. పాప పుట్టిన కబురు రాస్తూ మర్నాడే స్వెట్టరు తొడిగామని ఒక ముక్క రాశాను. దాన్ని పట్టుకుని "ఒక్క పూటలో స్వెట్టరు ఎవరల్లారు? ముందే అల్లించారా? వద్దన్నానా లేదా?" అని అడిగావు. లేసు అల్లే మనిషివి, నీకు తెలియకుండా ఎలా ఉంటుంది? అవును, ముందే అల్లారు. జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకు మాటలు తక్కువని అంటావు గదా. పది రోజులుగా ఇంట్లో పలకరించే మనిషి లేక కాగితం మీద ఎక్కువే వచ్చేటట్టుంది.

మన వైపు దారమంటే అరుగుల మీద మీ అందరి ఒళ్ళోనూ ఉండే తెల్ల లేసు దారమే. ఇక్కడ మస్తాన్ గారి కొట్లో గుమాస్తాగా చేరాకే దారానికి కూడా కాలాలుంటాయని తెలిసింది. సంక్రాంతి వెళ్ళగానే ఊలు లోపలికి పోయి నూలు దారం బయటికి వస్తుంది. ఎండాకాలమంతా రేడియో కవర్లు, బల్ల గుడ్డలు, గుమ్మాలకు తోరణాలు. ఆషాఢంలో పుట్టింటికి వచ్చిన కొత్త పెళ్ళికూతుళ్ళు గుంపులుగా దిగుతారు. అత్తవారింటికి తిరిగి వెళ్ళేలోగా దిండు గలీబులకు అంచు అల్లి పట్టుకెళ్ళాలని ఆత్రం. సగం పని తల్లుల మీద పడేసి వెళ్ళిపోతారు, శ్రావణమంతా ఆ తల్లులు వచ్చి కొట్టు వరండాలో గొణుక్కుంటూ అల్లుతారు. కార్తీకం రాగానే ఊలు పార్సిళ్ళు దిగుతాయి. వేదాద్రిలో తెల్లవారుజాము స్నానాలకు వెళ్ళేవాళ్ళు మంకీ టోపీలు అడుగుతారు, హైదరాబాదు రోడ్డు మీద తిరిగే లారీ డ్రైవర్లు మఫ్లర్లు అడుగుతారు. వేసవిలో బండ మీద కాలు పెట్టలేని ఊళ్ళో ఊలు ఎవరు కొంటారని వచ్చిన కొత్తలో అనుకున్నాను. ఆ బండలే పుష్యమాసంలో ఎంత చల్లబడతాయో ఇక్కడ కాపురముంటే గాని తెలియదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్ళు వరండాలో చాప మీద చేరతారు. సిమెంటు కాలనీలో ఉండే ఒక ఇంజనీరు గారి భార్య, ఉత్తరాది ఆవిడ, వచ్చి వీళ్ళకు అల్లిక నేర్పేది. అందరూ ఆవిణ్ణి స్వెట్టరమ్మ గారంటారు. నేను గల్లా పక్కన కూర్చుని పని చేసుకుంటూనే చూస్తుంటాను. నీ లేసులో ఒకటే కొక్కెం, ఒకటే కుట్టు నిలబడి ఉంటుంది. పొరపాటున కొక్కెం జారినా ఆ ఒక్క కుట్టే పోతుంది. ఇందులో రెండు సూదులు, వరసంతా సూది మీదే నిలబడి ఉంటుంది. సూది లాగితే వరసంతా గాలిలో ఉన్నట్టే. అయినా ఎవరూ భయపడకుండా కబుర్లాడుతూ అల్లుకుపోతారు. అది నాకు ఇప్పటికీ వింతే.

నీ మరదలు కూడా కార్తీకం నుంచి వచ్చి కూర్చునేది. వెంట మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు నాగరత్నమ్మ గారు. పుట్టింట తల్లి లేని పిల్ల కదా, ఈ కాన్పు తన చేతుల మీద చేయిస్తానని ఆవిడే పట్టుబట్టారు.

ఒకరోజు స్వెట్టరమ్మ గారు నీ మరదల్ని చూసి, "ఈ అమ్మాయికి బచ్చా చలికాలంలో వస్తుంది. చిన్న స్వెట్టర్ చేద్దాం" అంది.

"వద్దమ్మా" అన్నారు నాగరత్నమ్మ గారు. "పుట్టకముందే బట్ట కుట్టటం మాకు లేదు."

"పుట్టినరోజు మరి ఏం వేస్తారు?"

"పాత నేతచీర చుట్టి పడుకోబెడతాం. మేమంతా బతకలా?"

నీ మరదలు తల దించుకుంది. మొదటి కాన్పు సంగతి అక్కడ నాగరత్నమ్మ గారికి ఒక్కరికే తెలుసు. నువ్వు ఏడో నెలలోనే జుబ్బాలు కుట్టి పంపడం, ఆ బిడ్డ మనకు దక్కకపోవడం, ఈసారి నేను దారం ముట్టను మీరూ ముట్టకండి అని నువ్వు రాయడం, అన్నీ ఆవిడకు నీ మరదలు చెప్పుకుంది.

అప్పుడు మస్తాన్ గారు లోపలినుంచి, "అమ్మా, నాకో అనుమానం. పోగు పట్టుకు లాగితే మళ్ళీ ఉండైపోయేదాన్ని బట్ట అంటారా?" అన్నారు.

"అంటే?" అన్నారు నాగరత్నమ్మ గారు.

"సూదుల మీద ఉన్నంతవరకూ అది ఊలేగా. ఊలు మా సరుకు. మా కొట్లో మా సరుకుంటే ఎవరికి దోషం?"

"సాయిబు గారూ, ఊలు అమ్ముకోటానికి మా శాస్త్రం కూడా మీరే చెప్తారా?"

"శాస్త్రం మీదేనమ్మా. సరుకు ఒక్కటే నాది."

అందరూ నవ్వారు. నాగరత్నమ్మ గారు కూడా నవ్వారు. చివరికి వాళ్ళలో వాళ్ళే ఒక ఒప్పందానికి వచ్చారు. ముందు భాగం, వెనక భాగం విడివిడిగా అల్లి, భుజాల దగ్గర ముగించకుండా సూదుల మీదే వదలాలి. బిడ్డ మాట ఎత్తకూడదు, ఎవరడిగినా కొలువు బొమ్మకని చెప్పాలి. నీ మరదలు అల్లకూడదు. ఉండలు చుట్టడం మాత్రం తప్పు కాదని తేల్చారు. నన్నెవరూ అడగలేదు. నేనూ వద్దనలేదు. అది ఎలా తయారవుతుందో చూడాలని నాకూ ఉంది, ఉన్న మాట రాస్తున్నాను.

కొలత దగ్గర చిక్కొచ్చింది. బిడ్డకని చెప్పి కొలత అనుకోవడం కూడా కూడదన్నారు. అందుకని నాగరత్నమ్మ గారు దసరాకు చీర కట్టి కూర్చోబెట్టే పెద్ద చెక్క బొమ్మను తెచ్చి చాప మధ్యన నిలబెట్టారు. ఛాతీ చుట్టూ, ఒంటి పొడుగూ, మెడా, అన్నీ దాని మీదే చూసుకున్నారు. మెడ దాకా రాకముందే స్వెట్టరమ్మ గారు తమ్ముడి పెళ్ళికని వాళ్ళ ఊరు వెళ్ళింది. ఉంటే ఆవిడ చెప్పేదేమో. తలా ఒక వరసగా అల్లి, లేత పసుపు రంగు ముక్కలు రెండూ సూదుల మీదే ఉంచి, గుడ్డలో చుట్టి నా బల్ల సొరుగులో పెట్టారు. రోజూ సొరుగు తీసినప్పుడల్లా ఒక కుట్టైనా జారిందేమోనని చూసేవాణ్ణి.

నొప్పులు నెల ముందే వచ్చాయి. జీపు మాట్లాడుకుని, నాగరత్నమ్మ గారితో సహా నందిగామ వెళ్ళాం. పొద్దుగూకే వేళకు పాప పుట్టింది. ఏడుపు సన్నగా ఉంది. ఊలు బట్ట ఏదైనా ఉంటే తెమ్మని డాక్టరమ్మ గారు అన్నారు. మర్నాడు మొదటి బస్సు పట్టుకుని ఇక్కడికి వచ్చాను. నేను నోరు విప్పకముందే మస్తాన్ గారు సొరుగు తీశారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు గబగబా భుజాలు ముగించి, రెండు ముక్కలూ కలిపి కుట్టి ఇచ్చారు. నేను తిరుగు బస్సెక్కాను.

తీరా తొడగబోతే తల పట్టలేదు. చెక్క బొమ్మ తల నిమ్మకాయంత, పిల్ల తల పిల్ల తలంత. ఇంతమంది పిల్లల్ని కన్న తల్లుల్లో ఒక్కరికీ ఆ సంగతి తోచలేదు, ఎందుకంటే బిడ్డ మాట తలుచుకోకూడదని అంత నిష్ఠగా ఉన్నారు.

నర్సమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఎవరికల్లారండీ ఇది?" అంది.

"బొమ్మకి" అన్నారు నాగరత్నమ్మ గారు, అలవాటైపోయిన జవాబు.

"అయితే బొమ్మకే తొడగండి. ఈ పిల్లకి ఇంకోటి చూడండి."

పాప పాదాలు చల్లగా ఉన్నాయి. మంచం మీదనుంచి నీ మరదలు, "పిన్నిగారూ, ఒక భుజం విప్పేసి అక్కడ బొత్తాలు పెడితే సరిపోద్ది. నా సంచిలో లేసు సూది ఉంది, ఇటివ్వండి" అంది. నువ్వు పెళ్ళికిచ్చిన సూదే.

"పురిట్లో సూది పట్టుకుంటే కళ్ళు లాగేస్తయ్. పడుకో. నువ్వు చెప్పు, నేను చేస్తా."

"మీకు క్రోషా రాదుగా."

"నువ్వు చెప్తే రాకేం? ఇదేందమ్మా, చీమ కాలంత ఉంది."

"పోగు చుట్టండి. ఇప్పుడు లోపలినుంచి లాగండి. మరీ బిగించమాకండి."

"బిగిస్తే ఏమైద్ది?"

"మా వదిన గారైతే చేతి మీద కొడతారు."

"నన్ను కూడా కొట్టుద్దా ఆవిడ?"

"మిమ్మల్ని ఇంకా గట్టిగా కొడతారు."

సన్న సూది కదా, ఊలు చీలిపోతోంది. ఆవిడ మూడుసార్లు విప్పి అల్లారు. నీ మరదలు పడుకునే చెబుతోంది, నువ్వు తనకు చెప్పిన మాటలే, అదే వరసలో. చివరికి విప్పిన భుజానికి బొత్తాలు పట్టే ఉచ్చులు రెండు కుదిరాయి. నా చొక్కా చేతుల బొత్తాలు రెండూ తెంపి ఇచ్చాను. తల సులువుగా పట్టింది. చీకటి పడేలోగా పాదాలు వెచ్చబడ్డాయి. నర్సమ్మ చూడమంటే నేనే పట్టుకుని చూశాను.

అక్కయ్యా, ముందుగా అల్లడం మంచిదో చెడ్డదో నాకు తెలియదు. నాగరత్నమ్మ గారి మాట కాదనను, నీ మాటా కాదనను. కాని మొదటి బిడ్డ నీ జుబ్బాల వల్ల పోయిందని నేను ఎన్నడూ అనుకోలేదు. నీ మరదల్ని కూడా మొన్న అడిగాను. "ఆ మాట వదినగారు అనుకుంటున్నారా?" అని చాలాసేపు ఏడ్చింది. ఆ జుబ్బాలు మా ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి. ఏటా తీసి ఎండలో వేసి మళ్ళీ మడతపెడుతుంది. ఇప్పుడు ఊలు గుచ్చుకుని పాప మెడ కింద కందింది, లోపల మెత్తటి జుబ్బా ఉంటే మంచిదని నర్సమ్మ అంటోంది. అవి తొడగమంటావా? ఇది అడగడానికే ఇంత రాశాను. నువ్వు ఊఁ అంటేనే తీస్తాం. ఒక్క ముక్క కార్డు మీద రాసినా చాలు.

వీలైతే సన్న లేసు అంచు రెండు మూరలు పంపు, స్వెట్టరమ్మ గారు ఊరినుంచి వచ్చాక చూపిస్తాను, ఎప్పుడూ నీ పనితనం గురించి అడిగేది. నా తిండికి లోటు లేదు. మస్తాన్ గారింటినుంచి రొట్టెలు వస్తున్నాయి, పచ్చడి నేనే నూరుకుంటున్నాను. చలికి మఫ్లరు కట్టుకుంటున్నాను. బావగారి దీవెన, నీ దీవెన మా ముగ్గురికీ కావాలి. పిల్లలకు నా ముద్దులు. మన వీధిలో పెద్దలందరికీ నమస్కారాలు చెప్పు. మేం కులాసాగానే ఉన్నామని మళ్ళీ రాస్తున్నాను, దిగులు పెట్టుకోవద్దు.

నీ తమ్ముడు
సుబ్బారావు

అక్కయ్యా, కవరు అంటించబోతుంటే కొట్లో ఫోను మోగింది. నందిగామనుంచి నాగరత్నమ్మ గారు. ఆవిడ ఫోనులో కేక పెట్టి మాట్లాడతారు.

"ఏవయ్యా సుబ్బారావూ, రేపు ఎండొచ్చాక పిల్లని తీసుకుపొమ్మన్నారు. ఒళ్ళు వెచ్చగా నిలబడిందంట. నువ్వు ఇయ్యాలే వచ్చెయ్. మీ ఆవిడ పెట్టెలో జుబ్బా ఒకటి పట్రమ్మంటంది."

"అక్కయ్య ఊఁ అనాలిగా, ఇప్పుడే ఉత్తరం రాశాను" అన్నాను.

ఆవిడ పక్కకు తిరిగి ఏదో అడిగి, "వదినగారికి నేను చెప్పుకుంటానంటందయ్యా, నువ్వు పట్రా" అని పెట్టేశారు.

అందుకని నీ జవాబు రాకముందే ఇంటికెళ్ళి పెట్టె తీస్తాను. ఇది బస్టాండు దగ్గర డబ్బాలో వేస్తాను. చిల్లకల్లు మీదుగా పోయే బస్సు ఇంకో అరగంటలో ఉంది. ఈలోగా పడకగది కిటికీకి గోనె పట్టా కట్టాలి, కుంపట్లోకి బొగ్గులు పోసి పెట్టాలి. ఉంటాను.