గాలి యంత్రం పొరుగువాడికి

నా పేరు వెర్నా లిండ్‌క్విస్ట్. ఐడహో రాష్ట్రంలో కెటిల్ వాగు ఒడ్డునున్న మార్టెన్ మా ఊరు. జిల్లా వారపత్రికలో ముప్పై ఏళ్లకు పైగా విలేకరిగా పనిచేసి మానుకున్నాను. పెళ్లి చేసుకోలేదు. ఈ కాగితం రాసేనాటికి నా బుద్ధి నిలకడగానే ఉంది, గుండె మాత్రం లేదు. వచ్చే వేసవిని లెక్కలో పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి సలహా అడగకుండా రాస్తున్నాను. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఎక్కడైనా దొరికితే అది చెల్లదు.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నా మేనకోడలు, మా అన్న కూతురు కాలీన్‌ది. స్కూలు బస్సు నడుపుతుంది. అరిచేవాళ్లను పట్టించుకోకుండా రోడ్డు చూసుకోవడం తనకు అలవాటు. ఈ పనికి అదే కావాలి.

2. నా ఇల్లు, ఇంట్లో సామాను, పికప్ ట్రక్కు కాలీన్‌కే దఖలు. ట్రక్కు రెండో గేరు పడదు. మొదటి గేరు నుంచి నేరుగా మూడుకు వెళ్లాలి.

3. మా పిన్ని కూతురు ఆర్డిస్‌కు, వాకిట్లో ఊరగాయ సీసాలో ఉన్న నల్ల ఇసుక. ప్రతి థాంక్స్‌గివింగ్ భోజనంలోనూ, "ఈ వయసులో బురదలో ఆ పొర్లాటేమిటే, వెర్నా? పెట్రోలు ఖర్చయినా వస్తుందా?" అని నలుగురి ముందూ అడిగింది. రాదు. ఎప్పుడూ రాలేదు. ఆ ఇసుకలో మాత్రం బంగారం ఉంది. పళ్లెంలో వేసి, నీళ్లలో తిప్పి, నడుం పడిపోయేదాకా కూర్చుంటే కనిపిస్తుంది.

4. నా టైపు మిషను పత్రిక సంపాదకుడికి. ఎందుకిస్తున్నానో కూడా రాస్తాను. ఎగువ వాగులో ఒకతను ఒంటరిగా డ్రెడ్జి, అంటే బంగారం కోసం వాగు అడుగు కంకర పీల్చే యంత్రం, నడుపుతూ నీళ్లలో చనిపోయాడు. అతని భార్య ఇంకా ఉంది, పేరు రాయను. నేను వెళ్లి చూసి వార్త రాశాను. సంపాదకుడు దాన్ని మూలకు సరిపోయేట్టు కత్తిరించి, "ఒడ్డున ఎవరూ లేరు" అన్న వాక్యం తీసేశాడు. చోటు చాలలేదన్నాడు. ఆ వార్తలో పనికొచ్చే వాక్యం అదొక్కటే. ఆ వారం మా తమ్ముడు ఆరిన్ పేపరు మడిచి పక్కన పడేస్తూ, "మొద్దు వెధవ, ఈత రాదేమో" అన్నాడు. చచ్చినతనికి ఈత బాగా వచ్చు.

5. కెటిల్ వాగులో నా పేరిట ఉన్న క్లెయిము, అంటే బంగారం తీసుకునే హక్కున్న చోటు, కాలీన్‌కు. ప్రతి ఏడూ సెప్టెంబరు ఒకటిలోగా కాగితం దాఖలు చేయకపోతే హక్కు పోతుంది. అక్కడ పని చేసుకునే అనుమతి ఆరిన్ బతికినంత కాలం ఆరిన్‌కు ఉంటుంది, కింద రాసిన షరతులకు లోబడి.

6. డ్రెడ్జి. ఇది నా స్వార్జితం. మా ఇద్దరిదీ అని ఆరిన్ అంటాడు, కాదు. తెప్ప, ఇంజను, నీటి పంపు, అడుగునున్న కంకరను పీల్చే గొట్టం, ఆ కంకర పారే పెట్టె, ఇవన్నీ ఆరిన్‌కు ఇస్తున్నాను. అదే ఇంజను మీద బెల్టుతో తిరుగుతూ, అడుగున పని చేసేవాడికి ఊపిరి పంపే గాలి యంత్రాన్ని మాత్రం ఇవ్వడం లేదు. దాన్ని, దాని పొడుగాటి గొట్టాన్ని, నోట్లో పెట్టుకునే ముక్కను దిగువ క్లెయిము డెల్మర్ ప్రూయిట్‌కు ఇస్తున్నాను. డెల్మర్ పొద్దున తెచ్చి బోల్టులు బిగించాలి. ఆరిన్ నీళ్లలో ఉన్నంతసేపూ ఒడ్డునే కూర్చోవాలి. సాయంత్రం విప్పుకుని ఇంటికి పట్టుకుపోవాలి. ఒక్కరోజైనా యంత్రం ఆరిన్ దగ్గర వదలకూడదు.

కారణం ఇది. ఆరిన్‌కు డెబ్బై దాటాయి. కిందటి ఆగస్టులో నీళ్ల అడుగున పని చేస్తుంటే పక్క రాయి దొర్లి కాలి మీద పడింది. ఒడ్డున నేనున్నాను. గాలి గొట్టం లాగాను, బదులు రాలేదు. రాయి కదిలించే బలం నాకు లేదు. కేకలు పెట్టాను. దిగువ నుంచి డెల్మర్ గునపం పట్టుకుని పరిగెత్తుకొచ్చి, బట్టలతోనే నడుంలోతు నీళ్లలో దిగి రాయిని లేపాడు. నేను లేకపోతే ఇంజనులో పెట్రోలు అయిపోయేదాకా ఆరిన్ ఊపిరి పీల్చుకునేవాడు, ఆ తర్వాత లేదు. పైకొచ్చి ముక్క ఊసేసి మా తమ్ముడన్న మొదటి మాట, "ఆ మనిషికి నా గట్టు మీద ఏం పని?" డెల్మర్ అతనివైపు చూడకుండా నాతో అన్నాడు, "రాయి కింద తవ్వేముందు రాయివైపు ఓసారి చూడమని మీ తమ్ముడికి చెప్పు."

వీళ్ల తగాదా రెండు క్లెయిముల మధ్య హద్దు దుంగది. వరదొచ్చిన ఏడు అది చోటు మారింది. డెల్మర్ జరిపాడని ఆరిన్, వరదే జరిపిందని డెల్మర్. నేను వెళ్లి చూశాను. గుట్ట మీద హద్దు రాళ్ల కుప్ప ఎక్కడిదక్కడే ఉంది. ఎవరి జానెడు నేలా పోలేదు. ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ నమ్మలేదు. నేను అలసిపోయాను. మళ్లీ చెప్పను.

ఏప్రిల్లో డెల్మర్ ఇంటికి వెళ్లి, ఒడ్డున కూర్చుంటావా అని అడిగాను. చేపలు కడుగుతున్నాడు. "వాడితో మాట్లాడాలంటే మాత్రం నా వల్ల కాదు, వెర్నా" అన్నాడు. ఇంజను హోరులో ఎలాగూ ఏమీ వినబడదన్నాను. చేతిలో చేప పక్కన పెట్టి, "అయితే సరే. నా కాఫీ నేనే తెచ్చుకుంటా. వాడి కాఫీ కుక్క కూడా తాగదు" అన్నాడు. దీన్ని ఒప్పుకోలుగా తీసుకుంటున్నాను.

7. గొట్టం లాగే పద్ధతి. మా ఇంట్లో ఒకసారి లాగితే "బాగున్నావా", రెండుసార్లు లాగితే "పైకి రా". ప్రూయిట్‌ల ఇంట్లో సరిగ్గా దీనికి తిరగేసి. ఇక మీదట ప్రూయిట్‌ల పద్ధతే నడవాలి. ఒక్కసారి లాగితే పైకి రావాలి. ఆరిన్‌కు కోపం వస్తుంది, రానీ. కంగారులో ఒడ్డునున్నవాడి చెయ్యి పాత అలవాటే చేస్తుంది. అడుగునున్నవాడికి ఆలోచించుకునేందుకు గాలి ఉంటుంది.

8. ఆరిన్ వేరే గాలి యంత్రం కొన్నా, ఒంటరిగా నీళ్లలో దిగినా, డెల్మర్ రావడం మానేసినా, ఆ ఏడు కాలీన్ క్లెయిము కాగితం దాఖలు చేయకూడదు. హక్కు పోనివ్వాలి. నా మొహం చూసి జాలిపడి దాఖలు చేయొద్దు. అప్పటికి నా మొహం ఉండదు.

9. వాగులో దొరికిన పాత తూటాలు, సీసం గుళ్లు కాఫీ డబ్బాలో ఉన్నాయి, డెల్మర్‌కు. కరిగించి గాలాలకు బరువులు పోసుకుంటాడు. ఇన్నేళ్ల బంగారం మందు సీసాలో సగం ఉంది, కాలీన్‌కు. ఉంగరం చేయించొద్దు, చాలదు. ఎండలో పెట్టి చూసుకుంటే చాలు. నా బూడిద వాగులో కలపొద్దు. దిగువవాళ్ల పెట్టెల్లో తేలడం నాకిష్టం లేదు.

10. పైనంతా టైపు చేశాక ఆరిన్ వచ్చాడు. సాక్షి కావాలని నేను తపాలా ఆఫీసులో అడిగాను, ఊరంతా తెలిసింది. వంటింటి బల్ల దగ్గర టోపీ తీయకుండా మొదటి నుంచి చివరిదాకా చదివాడు. "బతికుండగా సాధించింది చాలలేదా నీకు?" అన్నాడు. డెల్మర్‌ను నేను ఇక్కడ రాయని మాటలన్నాడు. తలుపు విసిరి వెళ్లాడు. ట్రక్కు కదిలిన చప్పుడు కాలేదు. మళ్లీ లోపలికొచ్చి, గుమ్మంలోనే నిలబడి అన్నాడు, "వాడికి ఎడం చెవి పూర్తిగా పోయింది. ఆ చెవి ఇంజనువైపు పెట్టుకుని కూచున్నాడంటే, ఇంజను ఆగిపోయినా ముసలాడికి తెలీదు. ఎటు కూచోవాలో కూడా రాయి."

అందుచేత: డెల్మర్ ప్రూయిట్ ఒడ్డున కూర్చునేటప్పుడు ఇంజను తన కుడిపక్కన ఉండేట్టు కూర్చోవాలి. ఈ షరతు ఆరిన్ లిండ్‌క్విస్ట్ అడిగిన మీదట చేర్చడమైనది.

మార్టెన్, 1997 మే 19.

(సంతకం) వెర్నా లిండ్‌క్విస్ట్

పై సంతకం మా ఇద్దరి ఎదుట చేశారు. ఇందులో మాకు వచ్చేదేమీ లేదు.

సాక్షులు:
ట్వైలా బొహానన్, తపాలా ఆఫీసు గుమాస్తా
హోసే అరెగీ, గొర్రెల కాపరి