డెయిజీకి కుదిరిన సంబంధం

విజయనగరం,
10-7-68.

మావకి గణపతి నమస్కరించి రాసే ఉత్తరం. ఇక్కడ నేనూ నీలవేణీ కులాసా. మీరూ అత్తా కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నాకొక చిక్కొచ్చిపడింది. మా మిల్లు మేనేజరు నరసింగరావుగారు ట్రైనింగుకని మూడు నెలలు బొంబాయి వెళ్తూ, తన ఆడకుక్క డెయిజీని నాకు అప్పగించారు. సీమకుక్క, బుల్‌డాగ్ జాతి. "నేనొచ్చేసరికి దీనికి అసలు జాతి పిల్లలు కలగాలి గణపతీ" అన్నారు. నన్ను పర్మనెంటు చేసే కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. మేం అద్దెకుంటున్న ఇంటావిడ సూర్యకాంతంగారేమో "కుక్కయినా ఉండాల, మీరయినా ఉండాల" అంటున్నారు. అందుకని మా ప్యూను సింహాచలంతో బస్సులో దాన్ని మీ ఊరు పంపుతున్నాను. పెళ్లికొడుకు వాల్తేరులో ఉన్నాడు, పేరు డ్యూక్. వాణ్నీ అక్కడికే తెస్తారు. మీరు నీడన ఉంచి కడుపునిండా పెడితే చాలు.

మీ మేనల్లుడు,
గణపతిరావు

తా.క. దాని ముఖం సంగతి అత్తకి ముందే చెప్పి ఉంచండి.


నరసన్నపేట శివారు,
18-7-68.

చిరంజీవి గణపతికి అప్పలసూరి మావ దీవించి, ఎవరిచేతా రాయించకుండా సొంత చేత్తో రాసేది.

ముందే చెప్పమన్నావు గాని, నీ ఉత్తరం కుక్క వచ్చిన మర్నాడు చేరింది. మీ అత్త గంప మూత తీసి, "ఓలమ్మో! దీని ముక్కేటైపోనాది? బస్సు తలుపులో నొక్కేసినారేటి!" అని సింహాచలం మీద పడింది. పాపం, మంచినీళ్లయినా తాగకుండా అతను వచ్చిన బస్సుకే వెళ్లిపోయాడు. నేనూ పశువుల మధ్య పెరిగినవాణ్నే. ఇంత అన్యాయమైన ముక్కు ఎక్కడా చూడలేదు. నాలుగడుగులు వేస్తే రొప్పు, పడుకుంటే గురక. మనసు మాత్రం వెన్న. ఎవరు కూర్చుంటే వాళ్ల కాలికి ఆనుకుని కూర్చుంటుంది.

నువ్వు బెంగపడకు. చంటిపిల్లలకి ముక్కు తీర్చినట్టే మీ అత్త రోజూ పొద్దున్నే ఆముదం రాసి డెయిజీ ముక్కు లాగుతోంది. నీకూ అలాగే లాగిందిరా, లేకపోతే నీలవేణి నిన్ను చేసుకునేదా? మేనేజరు వచ్చేసరికి కాస్తంత ముక్కయినా తెప్పిస్తాం.

మీ మావ,
అప్పలసూరి

తా.క. ఇప్పటికి నువ్వుగింజంత వచ్చిందని మీ అత్త అంటోంది. నాకు కనపళ్లేదు గాని, ఇంట్లో ఉండాల్సినవాణ్ని, అవునన్నాను.


విజయనగరం,
26-7-68.

మావకి గణపతి కంగారుగా రాసేది.

ఆముదం ఆపండి! అది జబ్బు కాదు, అందం. మేనేజరుగారి పుస్తకంలో చదివాను. నూటయాభై ఏళ్ల కిందట ఇంగ్లండులో వీటికీ ముక్కుండేదట, కాళ్లు పొడుగ్గా ఉండేవట, ఎద్దుల మీదికి ఉసిగొల్పేవారట. ఆ పోటీలు సర్కారు మాన్పించాక దొరలు కుక్కలకి అందాల పోటీలు పెట్టారు. ముక్కు ఎంత చప్పిడిగా, తల ఎంత పెద్దగా ఉంటే దానికే బహుమానం, దానికే సంబంధం. అలా తరతరానా ఏరి ఏరి జతకడితే ఈ ముఖం తేలింది. తలలు పెద్దవి కావడంతో కాన్పులు కష్టం. కిందటిసారి డెయిజీకి కడుపు కోసి తీశారు, ఒక్క పిల్లా దక్కలేదు. ఈ జాతికి ఇది మామూలేనట.

వచ్చే నెల నాలుగో తేదీ ఆదివారం డ్యూక్ వస్తాడు. ఇద్దరి వంశం కాగితాలూ ఇందులో పెట్టాను, జాగ్రత్త చేయండి.

మీ గణపతిరావు

తా.క. అత్త నొచ్చుకుంటే, నా ముక్కు చాలా బాగా వచ్చిందని చెప్పండి.


నరసన్నపేట శివారు,
9-8-68.

గణపతికి అప్పలసూరి మావ కోపంతోనే దీవించి రాసేది.

విత్తనం ఏరడం నాకు చెప్పకు. ఏటా కళ్లంలో గట్టి వెన్నులు ఏరి విత్తనానికి కట్టేవాణ్ని. ఏరడమంటే బాగున్నదాన్ని ఏరడం. ఊపిరాడనిదానికి ఊపిరాడనిదాన్నే కట్టి, పైన బహుమానమా! కడుపు కోసిన సంగతి చదవగానే మీ అత్త దాన్ని ఒళ్లోకి లాక్కుని ఏడ్చింది. "నా సేతుల్లో ఉండగా మళ్లీ కొయ్యనిత్తానేటి!" అంది.

ఇక కాగితాలు. హెడ్మాస్టరు నారాయణమూర్తిగారిచేత చదివించాను. అబ్బాయి ఇంటిపేరు గ్రీన్‌హిల్. అమ్మాయి ఇంటిపేరూ గ్రీన్‌హిల్. పోనీ, దొరల దగ్గర ఇంటిపేర్లకి కరువేమో అని తండ్రుల పేర్లు చూడమన్నాను. ఇద్దరికీ ప్రిన్సే! ఒరే, అన్నాచెల్లెళ్లురా! చదువుకున్నవాడివి, ఎలా కుదిర్చావు? మేనరికమంటే సర్దుకుందును.

డ్యూక్‌ని తెచ్చినవాళ్లకి భోజనం పెట్టి, "వరస కుదర్లేదు, ఏటనుకోకండి బాబూ" అని అదే కారులో సాగనంపాను. డ్యూక్‌కీ పెరుగన్నం పెట్టాం. బుద్ధిమంతుడే పాపం.

మీ మావ,
అప్పలసూరి

తా.క. నువ్వు కంగారుపడతావని నేనే సంబంధం చూశాను. ఇంటిపేరు వేరు, తెలిసిన కుటుంబం, చక్కని పొడుగాటి ముక్కు. బుధవారం కార్యం కూడా అయిపోయింది.


విజయనగరం,
14-8-68.

మావా,

కొంప ముంచారు! ఎవరా పెళ్లికొడుకు? ఏ జాతి? అక్టోబరు మొదట్లో మేనేజరుగారు పిల్లల్ని చూడ్డానికి సరాసరి మీ ఊరికే జీపులో వస్తారట. ఉత్తరంలో 'అసలు జాతి' అన్న మాట కింద రెండు గీతలు గీశారు. ఆయనకి నిజం చెప్పే ధైర్యం నాకు లేదు. పర్మనెంటు మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగం నిలిస్తే అరసవల్లి వచ్చి మొక్కు చెల్లించుకుంటాను.

నా కోపం మీ మీదే, దాని మీద కాదు. డెయిజీ ఎలా ఉందో రాయండి.

గణపతిరావు

తా.క. పెళ్లికి తనని పిలవలేదని నీలవేణి అలిగింది.


నరసన్నపేట శివారు,
9-10-68.

చిరంజీవి గణపతికి మావ సంతోషంగా దీవించి రాసేది.

సోమవారం పొద్దున్న మీ మేనేజరు జీపు ఆగేసరికి డెయిజీకి నొప్పులు మొదలయ్యాయి. డ్యూక్ తాలూకువాళ్లు ముందే కబురు మోసినట్టున్నారు, "ఎవరయ్యా అప్పలసూరి?" అని కేకలేస్తూ దిగాడు. పశువుల సాలలోంచి మీ అత్త "అరుపులాపి వేన్నీళ్లట్టుకు రండి బాబూ!" అంది. నోరుమూసుకుని పట్టుకొచ్చాడు. తెల్ల ప్యాంటుతోనే గడ్డిలో కూలబడి డెయిజీ తల ఒళ్లో పెట్టుకుని, "కొయ్యాలి, డాక్టర్ని పిలవండి" అని గోల పెట్టాడు. ఇంతలో మొదటిది జారింది, సన్నటి తలతో నున్నగా. వెనకే మరోటి. మొత్తం ఐదు, ఐదూ దక్కాయి! డెయిజీ వాటిని నాకుతుంటే మీ మేనేజరు వెక్కివెక్కి ఏడ్చాడు. "కిందటిసారే పోతుందనుకున్నానండీ. అయినా జాతి జాతి అని పట్టుబట్టాను. నాకు బుద్ధి లేదు" అన్నాడు.

తర్వాత కళ్లు తుడుచుకుని "తండ్రెవరు?" అన్నాడు. ఇంక దాచి లాభమేముంది? మన కళ్లం కాసే వీరిగాణ్ని పిలిచాను. మన ఇంటి సంబంధమే ముడిపెట్టానంటావని నీకు కూడా పేరు రాయలేదు. ఒంటినిండా బురదతో తోకాడిస్తూ వచ్చాడు. మీ మేనేజరు వాణ్ని ఎగాదిగా చూసి, "అల్లుడికి మర్యాద తక్కువ కాకూడదు" అని తన మెడలోని టై విప్పి వాడి మెడకి కట్టాడు. నన్ను "బావగారూ" అని కావిలించుకున్నాడు. పిల్లలు పాలు మానేదాకా డెయిజీ ఇక్కడే ఉంటుంది. నీ కాగితం మీద శనివారం సంతకం పెడతానన్నాడు.

మీ మావ,
అప్పలసూరి

తా.క. నీ మేనేజరు ఇప్పుడు నాకు వియ్యంకుడు. వాళ్లు ఆడపెళ్లివారు, మనం మగపెళ్లివారం. ఆఫీసులో ఆయన కనపడగానే గభాలున లేచి నిలబడకు. మన పరువు పోతుంది.