మొలతాడు వెండి చేప, దాని జత

2025 నవంబరు 12, బుధవారం. కోట.

ఈరోజు పనులు: దోసెలకు రుబ్బడం, ఫ్రిజ్ తుడవడం, గూడూరు నిమ్మకాయలు నూరు కోసి ఉప్పులో వేయడం, కరెంటు బిల్లు కట్టడం, ఆసుపత్రి సంచి సర్దడం, వీలునామా రాయడం. మొత్తం ఆరు. మధ్యాహ్నం మూడింటికి అయిదు అయ్యాయి. ఆరోది ఇది.

నేను, పామంజి సుభాషిణి, జయకుమార్ భార్యను, యాభై రెండేళ్ల దాన్ని, కోటలో కాపురం ఉంటున్నాను. వచ్చే మంగళవారం నెల్లూరులో నాకు గర్భసంచి తీసేస్తారు. భయపడవద్దని డాక్టరమ్మ అన్నారు. భయంతో రాయడం లేదు; ఊరికి వెళ్లేటప్పుడు గ్యాస్ కట్టేసి వెళ్తానే, అలా రాస్తున్నాను. ఎవరూ నన్ను రాయమనలేదు, ఎవరూ పక్కన కూర్చుని చెప్పడం లేదు. నా బుద్ధి స్థిరంగా ఉంది, ఒక్క చేపల విషయంలో తప్ప. ఆ చివరి మాట తీసేయమని దస్తావేజులు రాసే ఆయన అన్నారు. అది నిజం కాబట్టి ఉంచాను.

1. ఇల్లు, రొయ్యల మేత దుకాణం నా భర్త పేరున ఉన్నాయి కాబట్టి వాటి గురించి నేను చెప్పవలసింది లేదు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ఆయనదే. ఏ వస్తువు ఎక్కడ ఉందో రాసిన కాగితం బీరువా తలుపు లోపలివైపు అంటించాను. తీసిన వస్తువు తీసిన చోట పెట్టడం ఇరవై తొమ్మిదేళ్లలో ఆయనకు రాలేదు. ఈ కాగితంతో వస్తుందన్న ఆశ కూడా నాకు లేదు. నేను కుట్టిన రెండు దిండ్లు ఆయనకే. మెడనొప్పికి పల్చటిది వాడాలి, ఎత్తుది కాదు.

2. నాలుగు గాజులు, రెండు పేటల గొలుసు, జూకాలు నా కూతురు మస్తానమ్మకు. తాను బంగారం వేసుకోదని నాకు తెలుసు. దర్గాకు మొక్కుకున్నాక పుట్టిన పిల్ల అది. ముంబయిలో పెద్ద ఫ్యాషన్ కంపెనీలో నగలకు, చేతిసంచులకు బొమ్మలు గీసే ఉద్యోగం చేస్తోంది. కిందటి దసరాకు వచ్చినప్పుడు దాని మెడలో ఒక పేడపురుగు ఉంది. నీలంరంగు రాయితో చేసిన పురుగు, కాళ్లతో సహా. వేల ఏళ్ల కిందట ఈజిప్టు వాళ్లు ఇలాంటి చిన్న జంతువుల్ని రక్షగా కట్టుకునేవారట, ఆ పురుగు చచ్చిన వాళ్లకు మళ్లీ పుట్టుక ఇస్తుందని నమ్మేవారట. ఇప్పుడు వాళ్ల కంపెనీ ఆ జంతువులన్నింటినీ బంగారంలో, వెండిలో మళ్లీ చేసి అమ్ముతోంది. ఇలాంటి పురుగుల్ని నేను దొడ్డి వాకిట్లో చీపురుతో ఊడ్చేస్తాను. వాటిని మెడలో వేసుకునే వాళ్లు ఎవరో, ఎందుకో, మూడుసార్లు చెప్పించుకున్నా నాకు అర్థం కాలేదు. గాజులు మాత్రం కరిగించి పురుగులు చేయకూడదు. ఇది షరతు.

3. మస్తానమ్మ నాకిచ్చిన కప్ప పిన్ను మా వీధి రెబెక్కమ్మ గారికి. మస్తానమ్మ కడుపులో అడ్డం తిరిగినప్పుడు తెల్లవార్లూ నా పక్కన నిలబడిన నర్సు ఆవిడే. ఈజిప్టులో కప్ప కాన్పుల రక్ష అని కూతురు చెప్పింది కాబట్టి ఆవిడకే చెందాలి. ఈ మాట ముందుగానే ఆవిడ చెవిన వేశాను. "ఐగుప్తు కప్పలా! అవి తెగులు గదమ్మా సుభాషిణీ, నా కొంపలోకి తోల్తావా?" అని బైబిలు కథ గుర్తుచేసి నవ్వినారు. పిన్ను ఎంత బరువుందని కూడా అడిగినారు. తీసుకుంటారు.

4. కుట్టుమిషను మా అక్క పెంచలమ్మ కోడలికి, అంటే శివ భార్యకు. బెల్టు కొత్తది. సూదులు మందు డబ్బాలో ఉన్నాయి.

5. ఇక చేప.

ఇది మా అమ్మ ఆదిశేషమ్మది. చిటికెన వేలంత వెండి చేప, తోక దగ్గర చిన్న సొట్ట. మా పుట్టింటివాళ్లు పులికాట్ సరస్సులో వలలు వేసి బతికేవాళ్లు. మా ఇంట బిడ్డ పుడితే ఈ చేపను మొలతాడుకు కడతారు, నీళ్లు లాగకుండా. బిడ్డకు ఈత వచ్చినాకే విప్పాలి, విప్పి తర్వాతి బిడ్డకు కట్టాలి. చేప ఒక్కటే కాబట్టి అది నియమం. నాకూ కట్టారు, అక్కకూ కట్టారు.

1998లో మస్తానమ్మకు కట్టాం. మరుసటి ఏడు అక్కకు శివ పుట్టాడు. 2001లో మస్తానమ్మ మొలతాడు తెగింది. చేపను స్టీలు డబ్బాలో పెట్టాను. అక్క అడిగింది. పిల్లకు ఈత రాలేదు కదా అన్నాను. నియమం అదే కదా. కోటలో మా వీధిలో నీళ్లంటే పంచాయతీ కుళాయి కూడా కాదు, చేతిపంపు. దానికి ఈత ఎక్కడి నుంచి వస్తుందని నేను ఆలోచించలేదు. చేప డబ్బాలో రెండేళ్లుంది. 2003లో నాలుగేళ్ల శివ పడవ మీది నుంచి పడ్డాడు. ఎవరో జుట్టు పట్టి లాగారు. బతికాడు. ఎడమ చెవి సరిగ్గా వినపడదు.

అప్పుడు చేప తీసుకుని అక్క దగ్గరికి పరిగెత్తాను. తీసుకోలేదు. తిట్టనూ లేదు. "వానికి ఈత నేను నేర్పించుకుంటాలే. నీ కూతురికి వచ్చినాక తీసుకురా" అనింది. ఆ తర్వాత ఏ పెళ్లిలో కనపడినా, ఏ చావులో కనపడినా ఒకటే మాట: "ఏమే సుభా, నీ కూతురికి ఈత వచ్చిందా?" ఇరవై రెండేళ్లుగా అక్క మా ఇంటి గడప తొక్కలేదు.

ఇప్పుడు శివ భార్యకు ఏడో నెల. ఆ బిడ్డ సరస్సు ఒడ్డునే పెరుగుతుంది. చేప ఆ బిడ్డకు పోవాలి. ఇంతవరకు నాకు స్పష్టంగానే ఉంది.

ఆ తర్వాతే గందరగోళం. ఈజిప్టులో కూడా పిల్లలు మునగకుండా జడ కొసకు చేప కట్టేవాళ్లట. అది తెలిసినప్పటి నుంచి మస్తానమ్మ మా చేపను అడుగుతూనే ఉంది. నిరుడు పట్టుకుపోయింది. కంపెనీలో దానికి అచ్చు తీసి, సొట్టతో సహా, గీతలతో సహా ఇంకో చేప పోశారు. జడకు తగిలించుకునే ఆ చేప ధర అరవై రెండు వేలు. పిల్లలకు కాదట, పెద్దవాళ్లకట. పెద్దవాళ్లు ఎక్కడ మునుగుతారని అడిగాను. "అది స్టోరీమ్మా, నీకు అర్థం కాదులే" అనింది. ఆ స్టోరీ మా అమ్మ మొలతాడు మీది నుంచి పోయిందే కదా అని నేను అనలేదు. మొన్న దసరాకు అసలుదీ, మొదట పోసినదీ రెండూ తెచ్చి నా చేతిలో పెట్టింది. అసలుది నల్లగా ఉంది, కొత్తది తెల్లగా ఉంది.

దీపావళి ముందు ఇంట్లో వెండి అంతా తోమడం నా అలవాటు. కుందులు, గిన్నె, పట్టీలు, చేపలు రెండూ ఒకే కుంకుడు నీళ్లలో నానేశాను. విభూతితో తోమాను. తుడిచి గుడ్డ మీద ఆరబెట్టాక చూస్తే రెండూ తెల్లగా ఉన్నాయి.

ఇరవై నాలుగేళ్లు పారేయకుండా దాచినదాన్ని అరగంటలో నేనే పోగొట్టాను. ఎదురుగా ఉంది, అయినా పోయింది.

నగల పని చేసే పద్మనాభయ్య గారి దగ్గరికి తీసుకువెళ్లాను. తూకంలో గోరు గీటంత తేడా ఉంది. 1998 పద్దు పుస్తకంలో నేను "చేప, తులంలోపు" అని మాత్రమే రాశాను. అంత నిర్లక్ష్యంగా ఎలా రాశానో తెలియదు. కొంచెం గీకి చూస్తే చెప్తానన్నారు. పిల్లల నడుముల మీద తిరిగిన చేపను గీకించడానికి మనసు రాలేదు. మస్తానమ్మకు ఫోనులో చూపించాను. "నాకూ తెలీడం లేదమ్మా, అంత బాగా చేసినాం" అని సంతోషపడింది. అసలుదని అనుకున్నదానికి ఎర్ర దారం, రెండోదానికి పచ్చ దారం కట్టాను. ఉదయం కట్టింది మధ్యాహ్నానికి తప్పనిపించి మార్చాను. మార్చానో, మార్చాలని అనుకుని ఆగానో ఇప్పుడు గుర్తులేదు.

కాబట్టి, నా తదనంతరం, ఆ రెండు చేపల్లో అసలుది శివ బిడ్డకు చెందవలెను. ఏది అసలుదో

ఈ అంశం పూర్తి కాలేదు. అక్కకు ఫోన్ చేస్తాను. వీలునామా రాస్తూ ఎవరినీ అడగకూడదని ఎక్కడా లేదు.

నవంబరు 15, శనివారం. పనులు: నిమ్మకాయలకు కారం కలపడం, పీతలు శుభ్రం చేయడం, ఇది పూర్తి చేయడం. మూడూ అయ్యాయి.

పీతలు అక్క తెచ్చినవి. పొద్దున పదింటి బస్సుకు దిగి, గడప దాటి, నేరుగా వంటింట్లోకి వచ్చింది. "ఏందే, పొయ్యే కాలం వచ్చినట్టు కాయితాలు రాస్తుండావంట?" అనింది. నేను జరిగింది చెప్పి, రెండు చేపలూ పళ్లెంలో పెట్టి ముందు ఉంచాను. తిప్పి చూసింది. వాసన చూసింది. అమ్మ చేసినట్టే తోక మీద గోటితో తట్టింది. ఏది అమ్మదో అక్క చెప్తుందని ఎదురుచూశాను.

చెప్పలేదు. "నీ కూతురికి ఈత వచ్చిందా?" అని అడిగింది.

రాలేదన్నాను. ఇక రాదేమో కూడా అన్నాను. రాకున్నా ఇస్తుండావా అని అడిగింది. ఇస్తుండానని చెప్పాను. అప్పుడు రెండు చేపలనూ కొంగున ముడి వేసుకుంది. ఒకటి కంపెనీదే అన్నాను. "నడుముకు రెండు పక్కలుండాయి గదే" అనింది. పీతల్లోకి అల్లం ఎక్కడుందని అడిగింది.

అందువలన:

5వ అంశం కొట్టివేయడమైనది. చేపలు రెండూ నేను బతికుండగానే ఇచ్చేశాను కాబట్టి వీలునామాలో ఉండనక్కరలేదు.

6. మా ఇంటి నియమాన్ని ఇక ఇలా చదువుకోవాలి: బిడ్డకు ఈత వచ్చిందా లేదా అన్నది కాదు, ఇప్పుడు నీళ్ల దగ్గర ఉన్న బిడ్డ ఎవరన్నది చూడాలి. చేప డబ్బాలో ఉండకూడదు. రేపు మస్తానమ్మకు బిడ్డ పుడితే, ముంబయి అయినా సముద్రమే కదా, శివ ఒక చేపను పంపాలి. ఏదైనా ఒకటి.

7. నా పద్దు పుస్తకాలు ముప్పై ఒకటి మస్తానమ్మకు. 2001, 2003 పుస్తకాలు ముందు చదవాలి. అందులో కూడా దానికి ఏదైనా స్టోరీ దొరికితే వాడుకోవచ్చు, పేరు మాత్రం అమ్మమ్మది పెట్టాలి.

వీలునామాలో ఏదైనా పొందేవాళ్లు సాక్షి సంతకం పెట్టకపోవడం మంచిదని దస్తావేజుల ఆయన చెప్పారు. అక్కకు ఇందులో ఇప్పుడు ఏమీ లేదు. అందుకని సంతకం పెట్టమన్నాను. కళ్లజోడు తెచ్చుకోలేదని నాది పెట్టుకుని పెట్టింది.

పైదంతా నేనే రాశాను, చదువుకున్నాను, ఇద్దరి ఎదుట సంతకం చేశాను.

కోట, 15-11-2025
పామంజి సుభాషిణి

సాక్షులు:
1. పద్మనాభయ్య, నగల పని, కోట
2. పెంచలమ్మ, అక్క

పద్దు: అక్కకు ఇవ్వవలసినది, అమ్మ చేప ఒకటి, 2001 నుంచి. ఇచ్చినవి రెండు. తీరింది.