బాకాకు అంటిన ఎంగిలి

బందరు, 1938, శనివారం రాత్రి

మద్రాసు నుంచి వచ్చిన బ్యాండు మాస్టారు ఇవాళ కాలేజీ హాల్లో మా హైస్కూలు బ్యాండుకి పాఠం చెప్పారు. మంచి బాకా ఆయనదొక్కటే. ముందు నన్ను వాయించమన్నారు. ఊపిరి ఎక్కడ పట్టాలో చూపించి, "బాగుందోయ్ యేసురత్నం" అన్నారు. తర్వాత మా బ్యాండులోనే ఉన్న శాస్త్రికిచ్చారు. వాడు బాకా తుడుచుకుని, కళ్ళు మూసుకుని నాకంటే బాగా వాయించాడు.

కొడుకు వాయిస్తుంటే విందామని వాళ్ళ నాన్నగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారట. మేమెవరమూ చూడలేదు. "మాలపేటవాళ్ళ ఎంగిలి నోట పెట్టుకుంటావురా!" అంటూ వచ్చి, వాడి నోటి దగ్గరున్న బాకా మీదే కొట్టారు. "పిల్లవాడండీ!" అని మాస్టారు అడ్డుపడేసరికే ముందుపళ్ళు రెండు విరిగిపోయాయి. చొక్కా నిండా నెత్తురు. ఇక వాడు బాకా ఊదలేడని మాస్టారు నాతో మెల్లగా అన్నారు.

కాలేజీ బావి దగ్గర మాస్టారు వాడి చేత నోరు కడిగిస్తుంటే దూరంగా నిలబడ్డాను. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగాడు.

"నొప్పిగా ఉందా?" అన్నాను.

"నువ్వు ముందు వాయించకుండా ఉండాల్సింది" అన్నాడు, నా మొహం చూడకుండా.

అమ్మ అడిగితే పాఠం బాగా జరిగిందని చెప్పాను. శాస్త్రి అన్న మాట నిజమేనేమోనని నాకూ అనిపిస్తోంది. అదే భయంగా ఉంది...