వెనక్కివ్వని బ్యాడ్జి

పూజ్యులు అత్తయ్య గారికి,

మీ అల్లుడు లోవెల్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. నోరీన్ పోయాక అందరం అంటే ఇప్పుడు నేనూ, నలభై ఆవులూ, కుక్కా. మీ అబ్బాయి ఇంట్లో మీరు కుదురుకున్నారని, మోకాలి నొప్పి కాస్త తగ్గిందని తలుస్తాను.

మీ ఉత్తరం పోయిన వారం అందింది. ఫోన్లో నా మాట మీకు వినపడదు కాబట్టి వరసగా జవాబు రాస్తున్నాను. నోరీన్ నీలం కోటు ఎవరికీ ఇవ్వలేదు, మీకు పార్సెల్ చేస్తాను. గులాబీలు వడగళ్ళకు దెబ్బతిన్నాయి, మూడు మొక్కలు బతికాయి. ఈ ఏడు దూడలు ముప్పై ఎనిమిది పుట్టాయి, రెండు పోయాయి. అన్నిటికన్నా పెద్దదిగా పుట్టినది కంచె దాటి దూకుతోంది.

మీ చివరి ప్రశ్న కోసమే ఈ ఉత్తరం. "ఇండియానాలో నా చేతికి ఓటు కాగితమిచ్చారు, గుర్తు పెట్టి ఇంటికొచ్చాను. మీ దగ్గర ఊరంతా అధ్యక్ష పదవికి ఒకాయన్ని కోరుకుంటే రాష్ట్రం నుంచి ఇంకొకాయన మనుషులు ఎలా వెళ్ళారు? మన కౌంటీ పేరు పేపర్లో చూశాను. నోరీన్ ఉంటే ఇలా జరిగేదా?" అని అడిగారు.

జరిగేది కాదు. ఎందుకో చెబుతాను.

మీరున్న రోజుల్లో మన బడి గదిలో పార్టీ కాకస్ సమావేశానికి పదకొండు మంది వచ్చేవాళ్ళు. మీరు కాఫీ పెట్టేవారు, అరగంటలో అయిపోయేది. ఈసారి ఎనభై నాలుగు మంది వచ్చారు. పిల్లల బల్లల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. అధ్యక్ష పదవికి మన పార్టీ తరపున ఎవరు నిలబడాలో చెప్పుకోవడానికి చలిలో ఇరవై మైళ్ళు వచ్చినవాళ్ళు. తీరా వచ్చాక, పేర్ల మీద ఓటింగ్ ఉండదని తెలిసింది. ఈ గదిలో ఒక ప్రతినిధిని ఎన్నుకోవాలి, అతను జిల్లా సమావేశానికి వెళ్ళాలి, అక్కడివాళ్ళు దేశ సమావేశానికి ముగ్గురిని ఎన్నుకోవాలి. ఆ ముగ్గురే అసలు ఓటు వేసేవాళ్ళు.

డ్వేన్ కర్టిస్ లేచాడు. మన ఉత్తరపు కంచె అవతలి పొలం అతనిది.

"అంటే నా ఓటు ఇంకొకడి జేబులో పెట్టి, వాడి ఓటు మరొకడి జేబులో పెట్టి, చివరికి ఆ ప్యాంటు ఎవరు ఉతుకుతారో చూడాలా?"

అందరూ నవ్వారు. కోపంగానే నవ్వారు. రెండు గంటలయ్యేసరికి ఈనే ఆవులున్నవాళ్ళు, పసిపిల్లలున్నవాళ్ళు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు చేతులెత్తి చూపించుకుంటే ముప్పై ఆరు మందిలో ముప్పై మూడు మంది ఒకాయన వైపే. ఆ చేతులకు ఎక్కడా లెక్క లేదు.

ప్రతినిధిగా ట్వైలా హాస్కెట్ వెళ్ళాలని అందరి మాట. దాణా కొట్టు ట్వైలా మీకు గుర్తుండే ఉంటుంది. రూల్స్ పుస్తకం నిజంగా చదివినది ఆమె ఒక్కతే. ఆమె లేచి, "ఇరవై ఏళ్ళు ఈ పని నోరీన్ చేసింది. ఈసారి లోవెల్ వెళ్ళాలి. నేను బదులు ప్రతినిధిగా వెంట ఉంటాను" అంది. జాలి పడి నాకు ఇచ్చిన పదవి అది. తీసుకున్నాను. మనవాళ్ళ మనిషికే ఓటు వేస్తానని నిలబడి మాటిచ్చాను.

ఏప్రిల్లో జిల్లా సమావేశం. నూట తొంభై మైళ్ళు. ట్వైలా, నేను వేర్వేరు బళ్ళలో వెళ్ళాం. గుమ్మం దగ్గర బల్ల వెనక మార్జరీ ఫెన్ కూర్చుని ఉంది. రిటైరైన బడి లైబ్రేరియన్, జీతం లేని పని చేస్తోంది. సంతకం పెట్టించుకుని నా మెడలో బ్యాడ్జి వేసింది. "నోరీన్ మంచి మనిషి" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. అందుకు సంతోషించాను.

ముగ్గురు వెళ్ళాల్సిన చోటికి రెండు వందల పది మంది పోటీ. ఒక్కొక్కరికి అర నిమిషం ప్రసంగం. ఓటు కాగితం మీద పేర్లుండవు, నంబర్లే. ఒకాయన తన నంబరు వేయించుకున్న చొక్కా తొడుక్కుని కప్పగంతులు వేశాడు. మధ్యాహ్నం రెండు దాటినా సగం కాలేదు. గాలి పీల్చుకుని వస్తానని ట్వైలాకు చెప్పి బయటికి వచ్చాను.

ఆ తర్వాత ఓటింగ్ మొదలైంది. నా కుర్చీ ఖాళీ. బదులు ప్రతినిధి ఆ కుర్చీలో కూర్చోవాలంటే అసలు ప్రతినిధి తన బ్యాడ్జిని బల్ల దగ్గర తిరిగి ఇవ్వాలి. అదొక్కటే పద్ధతి. ట్వైలా బల్ల దగ్గరికి పరిగెత్తింది.

"అమ్మా, ఆయన వచ్చినట్టు సంతకం ఉంది. బ్యాడ్జి తిరిగి రాలేదు. ఆ కుర్చీ నిండినట్టే లెక్క" అంది మార్జరీ.

"నిండిందా? ఎవరి పిర్రలున్నాయో కాస్త చూపించు తల్లీ!"

"నన్నేం చేయమంటావు, రూలు నేను రాయలేదు."

ట్వైలా నాకు ఏడుసార్లు ఫోన్ చేసింది. ఫోన్ బండి సీటు మీద ఉంది. తలుపులు మూశారు. మూడో స్థానం మనవాళ్ళకు ఒక్క ఓటుతో పోయింది.

పేపర్లో మీరు చూసినది దీని తర్వాతి కథ. మన ఊరి ఓటును పార్టీ పెద్దలు బల్ల దగ్గరే దొంగిలించారని డ్వేన్ రాశాడు. పెద్దలు జవాబుగా, "రూల్స్ ఆగస్టు నుంచి అందరికీ అందుబాటులో ఉన్నాయి" అని ఒక్క వాక్యం రాశారు. ఆ వాక్యం చదివి మనవాళ్ళు రగిలిపోయారు. పదిహేడు మంది పార్టీలో తమ పేర్లు కొట్టేయించుకున్నారు. ఎవరో మార్జరీ ఫోటో, ఫోన్ నంబరు ఊరూరా పంచారు. ఆవిడకు డెబ్బై నాలుగేళ్ళు. వచ్చే బెదిరింపులకు భయపడి, ఇల్లు తాళం వేసి చెల్లెలింటికి పోయింది.

ఓటింగ్‌కు ముందే నేను వెళ్ళిపోయిన మాట అందరికీ తెలుసు. ఒంట్లో బాగోలేక వెళ్ళాననుకున్నారు. బ్యాడ్జి బల్ల మీద పెట్టే వెళ్ళాననీ, వాళ్ళే దాచేశారనీ అనుకున్నారు. నేను కాదనలేదు. కాఫీ హోటల్లో డ్వేన్ వాళ్ళను తిడుతుంటే తల ఊపాను. ఒకసారి, "సిగ్గులేని మనుషులు" అని నేనూ అన్నాను.

బ్యాడ్జి నా కోటు జేబులో ఉంది.

ఆ మధ్యాహ్నం నేను బండెక్కి పది మైళ్ళు పోయాను. రోడ్డు పక్కన చిన్న హోటల్ కనపడితే ఆగాను. చెర్రీ పళ్ళు కూరిన పాయ్ తిన్నాను. బాగుంది. నోరీన్ పోయిన నవంబరు నుంచి నా నోటికి రుచి తెలియలేదు, ఆ రోజు తెలిసింది. ఇంకో ముక్క చెప్పించుకున్నాను. వడ్డించే ఆవిడతో వానల గురించి మాట్లాడాను. గంటన్నర కూర్చున్నాను. ఓటింగ్ సంగతి గుర్తుంది, అత్తయ్యా. మరిచిపోలేదు. ఇంకా కాలేదులే అనుకున్నాను, తర్వాత ఒక్క ఓటేగా అనుకున్నాను. ఏడవలేదు. చాలా రోజుల తర్వాత సుఖంగా ఉన్నాను.

మార్జరీ ఇల్లు విడిచిందని విన్న మర్నాడు ట్వైలా కొట్టుకు వెళ్ళాను. బ్యాడ్జి తీసి కౌంటరు మీద పెట్టి ఉన్నదంతా చెప్పాను.

ట్వైలా దాన్ని తన వైపు లాక్కుంది. "ఏం పాయ్?" అంది.

"చెర్రీ."

"రెండు ముక్కలా?"

"రెండు."

"అప్పుడు నేను ఆ తలుపు దగ్గర ఓ ముసలావిడ మీద అరుస్తున్నాను లోవెల్. ఊరంతా వినేలా అరిచాను. ఇప్పుడా అరుపు ఎక్కడ పెట్టుకోను?" బ్యాడ్జిని నా వైపు నెట్టింది. "గురువారం కౌంటీ సమావేశంలో నువ్వే చెప్పు. నా నోటితో చెప్పను. నీ పక్కన కూర్చోను కూడా."

గురువారం వెళ్ళాను. తొంభై మంది ఉన్నారు. లేచి, బ్యాడ్జి చూపించి, "ఎవరూ దొంగిలించలేదు. నేనే జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాను" అన్నాను.

డ్వేన్ అడిగాడు, "ఎందుకు లోవెల్?"

అత్తయ్యా, ఇంతవరకు రాసినదంతా ఈ మాట కోసమే. నేను పాయ్ గురించి చెప్పలేదు. "నోరీన్" అన్నాను. ఆ ఒక్క పేరు చెప్పి ఆగిపోయాను.

డ్వేన్ టోపీ తీశాడు. మిగతావాళ్ళూ తీశారు. వెనక నుంచి ఎవరో, "కూర్చో నాయనా, నీ తప్పేం లేదు" అన్నారు. ఇంకొకావిడ వచ్చి చేయి పట్టుకుంది. డ్వేన్ అందరి వైపు తిరిగి, "చూశారా? భార్య పోయిన మనిషిని పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టే పద్ధతి ఇది! ఇది మనుషులు పెట్టిన రూలేనా?" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను కూర్చున్నాను. మార్జరీ పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ట్వైలా నా వైపు ఒక్కసారి చూసి, తీర్మానాలు చదవకముందే లేచి వెళ్ళిపోయింది.

వాళ్ళ కోపం అబద్ధం కాదు. ముప్పై మూడు చేతులకు లెక్క లేని పద్ధతి చెడ్డదే, పాయ్ తిననివాడికి కూడా చెడ్డదే. కానీ ఆ కోపం వెనక నేను ఆరు వారాలు దాక్కున్నాను. అది చాలక మీ అమ్మాయి పేరు వెనక దాక్కున్నాను. ఇరవై ఏళ్ళలో ఓటింగ్ కాకుండా ఒక్కసారీ ఇంటికి రాని మనిషి పేరది. నూట రెండు జ్వరంతో కూడా చివరిదాకా కూర్చుని వచ్చింది. ఆమె పేరు అంత చౌకగా వాడుకున్నందుకు ముందుగా మీ దగ్గర తలవంచాలి. మీరు క్షమించాలని అడగడం లేదు. గురువారం అడగకుండానే చాలామంది క్షమించారు, అది భరించడం కష్టంగా ఉంది.

నిన్న మార్జరీ చెల్లెలింటికి ఫోన్ చేశాను. మన కౌంటీ పేరు చెప్పగానే పెట్టేశారు. ఆదివారం బండి మీద వెళతాను. తలుపు తీయకపోతే గుమ్మంలో నిలబడి చెబుతాను.

మీకు తెలుసు, సమావేశం మినిట్స్‌ను తర్వాతి సమావేశంలో పైకి చదువుతారు, తప్పుంటే దిద్దుతారు. ఈసారి రాతలో "లోవెల్ ట్రస్కాట్, భార్యావియోగ దుఃఖం వల్ల" అని ఉంది. ఈ ఉదయం కార్యదర్శికి దిద్దుబాటు రాసిచ్చాను. భార్యావియోగ దుఃఖం వల్ల అన్న మాటలు కొట్టేసి, రోడ్డు పక్క హోటల్లో గంటన్నర కూర్చుని రెండు ముక్కల పాయ్ తిన్నందువల్ల అని రాయమన్నాను. బల్ల దగ్గరి శ్రీమతి ఫెన్ చేసినది సరైన పనేనని కింద మరో వాక్యం చేర్చాను.

ఆయన చదివి కళ్ళజోడు తీశాడు. "ఇది నేను పైకి చదవాలా లోవెల్?"

"గట్టిగా చదవండి" అన్నాను.

"నువ్వు ఆ రోజు రాకపోయినా ఫర్వాలేదు."

వెళతాను. జూన్ తొమ్మిదిన, సాయంత్రం ఆరున్నరకు. ముందు వరసలో కూర్చుంటాను. చివరిదాకా ఉంటాను.

ఇట్లు,
మీ అల్లుడు
లోవెల్