ఏం గాలే అంటూ ఐదు మైళ్లు

నస్పూర్,
10 డిసెంబరు 1967.

పూజ్యులైన గంగయ్య మామ గారి పాదాలకు మీ ఒక్కగానొక్క అల్లుడు మొగిలి దండం పెట్టి రాయునది ఏమనగా,

ఇక్కడ నేను బాగున్నాను. బొగ్గుబాయి బాగుంది. వంట ఒక్కటే బాగుండడం లేదు. సరోజన పురిటికి మీ ఇంటికి వచ్చిన ఈ నెల రోజుల్లో అన్నాన్ని మూడు రకాలుగా మాడ్చడం నేర్చుకున్నాను.

ఇక అసలు సంగతి. ఫిబ్రవరి పద్దెనిమిది, ఆదివారం నాడు మా బాయి కార్మికులకు ఆటల పోటీలు పెడుతున్నారు. అందులో ఐదు మైళ్ల పరుగు పందెం ఉంది. బాయి గేటు దగ్గర మొదలై, మా క్వార్టర్ల మధ్య నుంచి గోదావరి ఒడ్డుకు పోయి, మళ్లీ గేటుకు రావాలి. నేను పేరు ఇచ్చాను.

నవ్వకండి మామా. నా సంగతి మీకు తెలుసు. ఏ పనీ చివరిదాకా చేయను. మీ పెరటికి దడి కడతానని పోయినేడు సగం కట్టి వచ్చాను. ఈత నేర్చుకుంటానని మోకాళ్ల లోతు దాకా నేర్చుకున్నాను. రేపు బిడ్డ పుడితే, "మీ బాపు ఒక్క పనన్న కొస దాకా తెచ్చిండు" అని చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి గదా. గెలవాలని ఆశ లేదు. ముగిస్తే చాలు.

రోజూ తెల్లవారుతుండగా పరిగెత్తుతున్నాను. మొదటి వారం కాళ్లు మొరాయించాయి, రెండో వారం మనసు మొరాయించింది. బాయిలో దీపాలిచ్చే తోమాసు చిన్నప్పుడు మిషన్ బడిలో పరుగు పందేలు గెలిచినవాడు. అతనొక కిటుకు చెప్పాడు. "ఐదు మైళ్లు తలుసుకోకు. ముంగటి కరెంటు స్తంభం తలుసుకో. గది దాటినంక ఇంకోటి." స్తంభం తర్వాత స్తంభంగా ఇప్పటికి రెండు మైళ్ల దాకా వచ్చాను. మీరు వారానికొక హుషారు మాట రాస్తే మిగతాది కూడా పూర్తవుతుందని నా నమ్మకం.

మీ అల్లుడు
మొగిలి

మరొక మాట: నేను పరిగెత్తాలంటే ఇక్కడి ఆడవాళ్లు ఒక షరతు పెట్టారు. అది సరోజన వినకూడదు కనుక రాయడం లేదు.


లక్సెట్టిపేట తాలూకా,
22 డిసెంబరు 1967.

చిరంజీవి మొగిలికి మామ గంగయ్య సగం ఆశీర్వాదం ఇచ్చి రాయునది. మిగతా సగం నీ జవాబు చూశాక ఇస్తాను.

నీ ఉత్తరం ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుని గట్టిగా చదివాను. ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు అందరూ విన్నారు. కింద రాసిన "మరొక మాట" కూడా విన్నారు. అప్పటి నుంచి సరోజన మాట్లాడడం లేదు. మీ అత్త నాగవ్వ మాట్లాడడం ఆపడం లేదు. ఎవరా ఆడవాళ్లు? ఏమిటా షరతు?

అది చాలదన్నట్టు మీ కాలనీలలో గొంగళ్లు అమ్ముకునే పర్శరాములు నిన్న వచ్చాడు. అరుగెక్కీ ఎక్కకముందే మొదలుపెట్టాడు. "నీ అల్లుడు పొద్దుగాల చెడ్డీ మీద ఉర్కుతుండే. ఉర్కుకుంట 'ఏం గాలే! ఏం గాలే!' అని ఒర్లుతుండు. ఆడోళ్లు తలుపు దీసి సూసుడు, దండం వెట్టుడు, మల్ల తలుపు ఏసుకునుడు."

నా అరవై ఏళ్లలో ఏమీ కాని మనిషి ఏమీ కాలేదని అరవగా నేను వినలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఏం కాలేదు? ఎవరికి కాలేదు? వెంటనే రాయి.

హుషారు మాట అడిగావు గదా, ఇదిగో: ఆగు.

ఇట్లు
గంగయ్య

ఇంకొకటి: ఆ స్తంభాల కిటుకు మా దగ్గర పారదు. మా ఊళ్లో కరెంటు లేదు. ఉన్నవి తాటిచెట్లు. తాటిచెట్టు కనబడితే మగవాడు ఆగుతాడు గాని ఉరకడు.


నస్పూర్,
5 జనవరి 1968.

మామ గారికి, చెడ్డీ వేసుకున్నా చెడిపోని అల్లుడు మొగిలి నమస్కరించి రాయునది.

ఆ గొంగళ్ల పర్శరాములు చూసినదంతా నిజమే. అనుకున్నదంతా తప్పు. మీరు జర కూర్చుని చదవండి.

బాయి పక్కన బతికేవాళ్లకు పరుగంటే ఒకటే అర్థం మామా. గేటు వైపు నుంచి ఒక మనిషి ఉరుకుతూ వచ్చాడంటే లోపల ఏదో అయిందని, ఎవరి ఇంటికో కబురు తెస్తున్నాడని. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. కానీ నేనే ఆ మనిషినవుతానని తోచలేదు. మొదటి రోజు నేను గేటు దగ్గర మొదలుపెట్టి మా క్వార్టర్ల వరుసలోకి వచ్చేసరికి, రాత్రి షిఫ్టుకు పోయిన మగవాళ్ల కోసం పొయ్యి మీద నీళ్లు పెట్టుకున్న ఆడవాళ్లందరూ బయటికి వచ్చేశారు. మా పక్కింటి పోశవ్వ కడుగుతున్న బియ్యం వదిలేసి వచ్చి నా బనీను పట్టుకుంది. "ఎవలకైంది? పేరు జెప్పు బిడ్డా, పేరు జెప్పు!"

నాకేమో ఊపిరి అందడం లేదు. నోరు తెరిచాను గాని మాట రాలేదు. నోట మాట రానంత ఘోరం జరిగిందనుకున్నారు. పదకొండు మంది ఆడవాళ్లు ఒక్కసారి ఏడుపు అందుకున్నారు. నాకు మాట వచ్చేసరికి రెండో వరుసలోనూ ఏడుస్తున్నారు. ఆ తర్వాత పోశవ్వ చీపురు తెచ్చిన సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు పెట్టారు షరతు. "ఉర్కితే ఉర్కు. గని మూలమలుపు కాడికెల్లే 'ఏం గాలే' అని ఒర్లుకుంట రావాలె." అదీ కథ. ఇందులో సిగ్గుపడే సంగతి ఏమీ లేదు.

ఇప్పుడు మూడు మైళ్లు దాటాను.

మీ అల్లుడు
మొగిలి

మరొక మాట: పోయిన నెల బాయిలో నాకు మూడడుగుల దూరంలో పైకప్పు రాయి ఒకటి పడింది. నాకు ఏం కాలేదు. సరోజన బెంగపడుతుంది కనుక ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించవద్దు.


లక్సెట్టిపేట తాలూకా,
28 జనవరి 1968.

అల్లుడు మొగిలికి,

చదివి వినిపించవద్దు అనే మాట ఉత్తరానికి తలకాయ మీద రాయాలి నాయనా, తోక మీద కాదు. అరుగు మీద ఇరవై మంది ముందు మొదటి నుంచి చదువుకుంటూ వచ్చాను. "వినిపించవద్దు" అన్నది కూడా గట్టిగానే చదివాను.

రాయి అన్న మాట దగ్గర సరోజన లేచి లోపలికి పోయింది. నిన్ను ఎన్నో అంటుంటాను గాని, ఆ మూడడుగులు తలుచుకుంటే రెండు రోజులు ముద్ద దిగలేదు.

మీ అత్త ఊరుకుంటుందా? "బాయిల పని ఎట్లన్న తప్పది. గీ ఉర్కుడన్న బందయితే తల్లికి నిలువెత్తు బంగారం ఇస్త" అని సమ్మక్కకు మొక్కింది. బంగారం అంటే బెల్లమే, భయపడకు. కాన్పు దగ్గరపడింది కనుక మేము జాతరకు పోలేము. ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని పోతుంది, వాళ్లతో పంపిస్తాము.

నా మాట కూడా విను. ఎనిమిది గంటలు బొగ్గు ఎత్తిన మనిషి మళ్లీ ఐదు మైళ్లు ఉరకడం ఏం రోగం? ఏదో ఒక రోజు గుండె ఆగుతుంది. పరుగు ఆపు. ఆపినట్టు తెలిస్తేనే తల్లినీ పిల్లనూ పంపిస్తాను. లేదంటే వాళ్లు మా ఇంట్లోనే ఉంటారు, నువ్వు నీ స్తంభాలతో కాపురం చేసుకో.

గంగయ్య

ఇంకొకటి: అందులో ఏముందో చూద్దామని మొన్న పొలం గట్టు మీద నేనూ పది అడుగులు ఉరికాను. ఏమీ లేదు. ఆయాసం ఉంది.


నస్పూర్,
18 ఫిబ్రవరి 1968, ఆదివారం.

మామ గారికి, మీ మాట దాటిన అల్లుడు తల వంచుకుని రాయునది.

మీ ఉత్తరం అందిన రోజే పరుగు మానేశాను. ఒట్టు. తోమాసు ఇచ్చిన బూట్లు తోమాసుకు ఇచ్చేశాను. సరోజన లేకుండా, బిడ్డ లేకుండా ఈ ఇంట్లో నేనేం చేసుకోను? సగంలో ఆపిన పనుల్లో ఇదొకటి అనుకుని దుప్పటి ముసుగు పెట్టాను.

తెల్లవారి నా తలుపు బాదుడు వినబడింది. తీస్తే వాకిలి నిండా ఆడవాళ్లు. ముందు పోశవ్వ. "ఏమైందిరా? బాయిల ఏమైంది?"

"నాకేం తెలుసు?" అన్నాను.

"మరి 'ఏం గాలే' అని ఎందుకు ఒర్లలే?"

రెండు నెలల నుంచి పొద్దున్నే ఆ కేక విని పొయ్యి వెలిగించడం వాళ్లకు అలవాటైపోయింది. ఆ రోజు కేక వినబడలేదు కనుక ఏదో అయిందన్నమాట. అప్పటికే నలభై మంది బాయి గేటు దగ్గరికి పోయారు. మేనేజరు గారు పరేషాన్ అయి, బాయి లోపలికి మనిషిని పంపి, ఏమీ కాలేదని తెలుసుకుని, ఏమీ కాకపోతే మీరెందుకు వచ్చారని అడిగితే, ఏమీ కాలేదని ఎవరూ చెప్పలేదు కనుక వచ్చామన్నారట.

మరునాడు నడుచుకుంటూ పోయి చెప్పి చూశాను. నడిచి చెబితే నమ్మలేదు. "నిమ్మలంగ జెప్తుండంటే ఏదో దాస్తుండు" అన్నారు. ఇక చేసేదేముంది మామా? బూట్లు మళ్లీ తెచ్చుకున్నాను. మీకు చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

ఈ రోజు పందెం. పదిహేడు మందిమి. పిస్తోలు పేలగానే గేటులోంచి ఒక్కసారిగా ఉరికాము. జర ఆలోచించండి. ఒక్కడు ఉరికితేనే పదకొండు మంది ఏడ్చారు. పదిహేడు మంది ఉరుకుతూ వస్తుంటే? పై వరుసల్లో పందెం సంగతి తెలియనివాళ్లే ఎక్కువ. మొదటి తలుపు తెరుచుకోవడం నేను చూశాను. ఒక ముసలామె గుమ్మం పట్టుకుని నిలబడింది. ముందున్న పదహారు మంది ఏమీ అనకుండా పోతున్నారు. నేను ఆగాను. "ఏం గాలే అవ్వా! పందెం!" అని చెప్పి, ఆమె కూర్చున్నాక కదిలాను. ఆ తర్వాత ప్రతి వరుసలోనూ ఆగాను. చివరి వరుస అయ్యేసరికి మిగతావాళ్లు గోదావరి నుంచి నాకు ఎదురొస్తున్నారు.

ఒడ్డు దగ్గర ఒక్కణ్ణే మిగిలాను. ఇక్కడితో చాలు, తిరిగి నడిచిపోదామనిపించింది. నిజం చెబుతున్నాను, కూర్చున్నాను కూడా. అప్పుడు సరోజన గుర్తుకొచ్చింది. లేచి ఒక్క స్తంభం పోదామనుకున్నాను. తర్వాత ఇంకొకటి. గేటుకు చేరేసరికి బహుమతులు ఇచ్చేసి కుర్చీలు మోసుకుపోతున్నారు. పదిహేడో వాణ్ణి. కానీ చేరాను మామా. పుట్టి బుద్ధెరిగాక ఒక పని ముగించాను. గేటు పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాను.

ఇక మీ దయ. నన్ను ఎంతైనా తిట్టండి, వాళ్లను మాత్రం పంపించండి.

మీ అల్లుడు
మొగిలి

మరొక మాట: నేను వచ్చేటప్పటికి గెలుపు తాడు కూడా విప్పేశారు. పోశవ్వ తన కొంగు ఒక చివర తోమాసుకు ఇచ్చి, గేటుకు అడ్డంగా పట్టుకుని నిలబడింది. దాన్నే తాకి దాటాను.


లక్సెట్టిపేట తాలూకా,
19 ఫిబ్రవరి 1968, సోమవారం.

చిరంజీవి మొగిలికి మామ గంగయ్య నిండు ఆశీర్వాదం.

నీలా తోక మీద రాయను. ముందే రాస్తున్నాను: ఆడబిడ్డ. తల్లీ పిల్లా క్షేమం. ఇది గట్టిగా చదువు, పది మందినీ పిలిచి చదువు. టపా దాకా ఆగలేక పర్శరాములు చేతికిచ్చి పంపుతున్నాను.

నిన్న ఆదివారం తెల్లవారుతుండగా సరోజనకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని జాతరకు పోయింది. బండ్లన్నీ జాతరకు పోయాయి. ఊళ్లో మిగిలింది ముసలివాళ్లు, ఆడవాళ్లు, నేను. మిషన్ దవాఖానా నర్సు సాయవ్వ ఉండేది మూడు మైళ్ల దూరంలో. బిడ్డ అడ్డం తిరిగినట్టుందని మీ అత్త ముఖం తెల్లబోయింది. నా వైపు చూసి ఒక్కటే మాట అంది. "ఉర్కు."

ఉరికాను.

నేను వీధిలో ఉరుకుతుంటే వాకిళ్లలోకి ఆడవాళ్లు వచ్చారు. "గంగయ్య ఉర్కుతుండు! ఎవలు వోయిండ్రో!" అని ఒకామె అప్పుడే రాగం ఎత్తుకుంది. నా నోటి నుంచి నాకు తెలియకుండానే వచ్చింది: "ఏం గాలే! ఏం గాలే!" అప్పుడు అర్థమైంది నాయనా, నువ్వు ఎందుకు అరిచేవాడివో. వాళ్ల కోసమే కాదు. అరుస్తుంటే ఉరికేవాడికి కూడా ధైర్యం వస్తుంది.

సాయవ్వ నా మాట సగం విని సైకిలు తీసింది. ఆమె సైకిలు మీద ముందు పోయింది, వెనక నేను మళ్లీ ఉరికాను. ఇంటి మలుపు దగ్గరికి వచ్చేసరికి పిల్ల ఏడుపు వినబడింది. అక్కడే దుమ్ములో కూలబడ్డాను. ఇంకొక గడియ ఆలస్యమైతే కష్టమయ్యేదని సాయవ్వ తర్వాత చెప్పింది.

అరవై ఏళ్లవాడు పోను మూడు, రాను మూడు ఎట్లా ఉరికాడని అడుగుతావు. పది అడుగులన్నది అబద్ధం. నీ రోగమేమిటో తెలుసుకుందామని సంక్రాంతి దాటినప్పటి నుంచి రోజూ పొద్దున్నే పొలం చుట్టూ ఉరుకుతున్నాను. మొదట నిన్ను తిట్టుకుంటూ ఉరికాను. తర్వాత తిట్టడం మరిచిపోయాను. సిగ్గై ఎవరికీ చెప్పలేదు. నిన్ను ఆపమని రాసిన రోజు కూడా ఉరికి వచ్చే రాశాను.

నా మాట పట్టుకుని నిన్న నువ్వు పందెం మానుకుని ఉంటే తప్పు నాది. వెంటనే వచ్చి పిల్లను చూసుకో. మూడో నెలలో తల్లినీ పిల్లనూ నేనే తెచ్చి దింపుతాను. గేటు నుంచి గోదావరి దాకా ఇద్దరం కలిసి పోదాం. నీకు ఐదే గదా, నావి ఆరు.

నీ మామ
గంగయ్య

ఇంకొకటి: పరుగు బందయితే ఇస్తానని మొక్కిన బెల్లం జాతరకు పోనే పోయింది. ఎవరి పరుగో పేరు చెప్పి మొక్కలేదని మీ అత్త ఇప్పుడు నన్ను అదోలా చూస్తోంది.

మరీ ఇంకొకటి: మా ఇంటి నుంచి దవాఖానాకు నడుమ ఇరవై రెండు తాటిచెట్లున్నాయి. నీ స్తంభాల లెక్కన ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. పోయేటప్పుడు గాని, వచ్చేటప్పుడు గాని ఒక్కదాని దగ్గరా ఆగలేదు. ఊళ్లో ఎవరూ నమ్మడం లేదు. నువ్వన్నా నమ్ము.